ఉల్టా ప్రదక్షిణం

నేను ఒక గుప్పెడంత ప్లాస్టిక్ పెట్టెను. నల్లటి ఒళ్ళు, నెత్తిమీద చిటికెన వేలంత కొమ్ము, బొడ్డులో ఒకే ఒక మీట, దాని పక్కన ఆవగింజంత ఎర్ర దీపం. ఇంతే నా అందం. నన్ను మొదటిసారి చూసినవాళ్ళలో సగం మంది పాత టీవీ రిమోట్ అనుకుంటారు. మిగతా సగం మంది మీట నొక్కి, చెవికి ఆనించుకుని, ఎవరైనా పలుకుతారేమోనని కాసేపు ఎదురుచూస్తారు.

పలికించడమే నా పని, కాకపోతే మనుషుల్ని కాదు. ఇప్పటి పెద్ద కార్ల టైర్లలో, లోపల, గాలి ఎక్కించే వాల్వు మొదట్లో, వేరుశనగ కాయంత సెన్సారు ఒకటి కూచుని ఉంటుంది. గాలి ఎంతుందో కారుకు చెప్పడం దాని ఉద్యోగం. గాలి తగ్గితే స్టీరింగు ముందర పసుపు బుగ్గ, అదే చిన్న బల్బు, వెలుగుతుంది, ఏ మూల తగ్గిందో అక్కడి బొమ్మలో కనిపిస్తుంది. అయితే టైర్లు మార్చినా, ముందువి వెనక్కి వేసినా, ఏ సెన్సారు ఏ మూలకు పోయిందో కారుకు తెలియదు. పిల్లలు చోట్లు మార్చుకుని కూచుంటే పంతులు తికమకపడ్డట్టు పడుతుంది. అప్పుడు నన్ను పిలుస్తారు. ఒక్కొక్క టైరుకూ నా కొమ్ము ఆనించి మీట నొక్కితే, లోపల కునుకు తీస్తున్న సెన్సారు ఉలిక్కిపడి లేచి "ఇక్కడున్నా" అంటుంది. కారు విని, ఒక హారన్ కొట్టి, రాసుకుంటుంది. నాలుగూ అయ్యాక రెండు హారన్లు.

ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. మొదట పలికిన టైరును కారు ఎడమ ముందు చక్రంగా రాసుకుంటుంది. తర్వాతది కుడి ముందు, ఆ తర్వాతది కుడి వెనక, చివరిది ఎడమ వెనక. గుడి చుట్టూ తిరిగినట్టు కుడి చుట్టు. వరస తప్పితే కారుకు తెలియదు. అదీ మనిషి లాంటిదే, మొదట ఎవరు ఏం చెబితే అదే నమ్ముతుంది.

నేను పుట్టింది చైనాలో. ఆ ఫ్యాక్టరీలో బెల్టు ఎంత పొడుగంటే, ఈ చివర నాకు కొమ్ము పెడుతున్నప్పుడు వాన కురుస్తోంది, ఆ చివర డబ్బాలో పెట్టేసరికి మామిడికాయలు పండాయి. పుటకలోనే నాకు నిలకడ లేదు. డబ్బాలో పెట్టినవాడు బ్యాటరీ తీయడం మరిచిపోయాడు, పైన ఇంకో డబ్బా పడి మీట నొక్కుకుపోయింది. సముద్రం దాటినన్నాళ్ళూ నేను "లేవండి, లేవండి" అంటూనే ఉన్నాను. ఓడ అడుగున ఉన్న మూడు వందల కార్ల టైర్లూ ఒక్కసారి మేలుకుని జవాబిచ్చాయని, కెప్టెన్ తుఫాను పుట్టిందేమోనని లంగరు వేయించాడని చెబితే మీరు నమ్మరు. నమ్మకండి. లంగరు వేసింది మాత్రం నిజం.

అలా మస్కట్‌లో ఒక టైర్ల వర్క్‌షాపులో తేలాను. మొదట షాజీ అనే మలయాళీ ఫోర్‌మన్ నన్ను మెడలో వేసుకుని తిరిగేవాడు. భోజనానికి కూడా తీసేవాడు కాదు. నా ఒంట్లో ఇప్పటికీ ఒక మూల చేపల పులుసు వాసన ఉంది. అతను పోయాక ఒక బంగ్లాదేశ్ పిల్లగాడి చేతిలో పడ్డాను. వాడు నాతో చక్రాల మూతలు కొట్టి బిగించేవాడు. నా ఎడమ మూల చొట్ట అప్పటిదే. వాడి చేతిలోంచి నన్ను లాక్కుని, తన బనీనుతో తుడిచి, "పనిముట్టును కొట్టద్దురా, అది మనకు కూడు పెడుతుంది" అన్నవాడు లింబాద్రి. ఆ పిల్లగాడికి తెలుగు రాదు, అయినా తల వంచుకున్నాడు.

లింబాద్రిది ఆర్మూర్ నుంచి భీంగల్ పోయే దారిలో ఒక ఊరు. అక్కడి గుట్ట మీది నరసింహస్వామి పేరే అతనికి పెట్టారు. పదకొండేళ్ళు ఆ వర్క్‌షాపులో టైర్లు విప్పాడు, ఎక్కించాడు. పని తీరు చూస్తే నాకే ముచ్చటేసేది. స్టీరింగు దగ్గర వంగి తాళం తిప్పేవాడు, తాళంచెవి మీది రెండు మీటలు కలిపి నొక్కేవాడు, కారు హారన్ కొట్టగానే డ్రైవర్ తలుపు ముందున్న చక్రం దగ్గర గొంతుకూచునేవాడు. అక్కడినుంచి అటు, వెనక్కి, ఇటు. కళ్ళు మూసుకుని తిరిగినా తప్పేవాడు కాదు. ఆ దేశంలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది కదా, డ్రైవర్ చక్రమే ఎడమ ముందు చక్రం. పదకొండేళ్ళలో ఆ సంగతి ఆలోచించే అవసరం అతని తలకు రాలేదు, కాళ్ళు చూసుకున్నాయి.

వర్క్‌షాపుకు అద్దంలాంటి తెర ఉన్న పెద్ద యంత్రం వచ్చింది. దాని ముందు నేను పాతపడ్డాను. సెలవు మీద ఊరికి పోతున్న లింబాద్రికి యజమాని అర్బాబ్ నన్ను బహుమతిగా ఇచ్చాడు. ఎలాగూ పారేయబోయేదాన్ని బహుమతిగా ఇవ్వడం మనుషులకు ఎంత బాగా వచ్చో. లింబాద్రి మాత్రం బంగారం దొరికినట్టు మేజోడులో చుట్టి, ఇంకో మేజోడులో కొత్త బ్యాటరీ చుట్టి, పెద్ద బ్యాగు అడుగున పెట్టుకున్నాడు.

ఊళ్ళో దిగిన రోజే నాకు ఒక సంగతి తెలిసింది. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషిని ఎవరూ "ఎప్పుడొచ్చావు" అని అడగరు. ఎదురింటి అరుగు మీది పోశవ్వ అడిగింది, మంగలి అడిగాడు, బస్సులో పక్కన కూచున్నవాడు అడిగాడు, అందరిదీ ఒకటే ప్రశ్న.

"మల్ల ఎన్నడు వోతున్నవ్?"

బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల రోజుకు టికెట్ ఉందని చెప్పేవాడు. ఆ తారీఖు దాటితే వీసా చచ్చిపోతుంది, అతని చోట ఇంకొకడు వస్తాడు. కానీ భార్య గంగామణికి మాత్రం వేరే మాట చెప్పాడు. ఈ నెలన్నరలో ఇక్కడ తన పని నిలబడితే పోనన్నాడు. చుట్టుపక్కల పెద్ద కార్లు పెరిగాయి, అందరి ముందరా పసుపు బుగ్గ వెలుగుతోంది, ఆర్పడం ఎవరికీ రాదు, తన దగ్గర ఈ పెట్టె ఉంది, ఇంటి ముందే పని, అన్నాడు. గంగామణి బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ విన్నది. మూడుసార్లు వచ్చినప్పుడూ ఇలాంటి మాటే ఏదో ఒకటి విన్నదేమో. పెద్ద బ్యాగులో బట్టలు తీసి ఉతికి, మళ్ళీ అందులోనే సర్ది పెట్టింది. దాని నైలాన్ తాడు కూడా పారేయకుండా చుట్టి పైన ఉంచింది. ఆ బ్యాగు ఇంటి నడుమ, మంచం కోళ్ళ దగ్గర, పిలవని చుట్టంలా కూచుని ఉండేది. లింబాద్రి రోజుకు పదిసార్లు దాన్ని తట్టుకునేవాడు. జరిపేవాడు కాదు.

అతనికి ఇంట్లో కూచోవడం చేతకావడం లేదు. పొద్దున లేస్తే ఇంటి చుట్టూ తిరుగుడు, వాకిట్లో నిలబడి రోడ్డు చూసుడు, నన్ను చేతిలోకి తీసుకుని మీట నొక్కుడు. చుట్టుపక్కల ఏ టైరూ లేకపోతే నా పిలుపు గాలికి పోయేది. నాకూ అంతే, కుదురు లేదు. ఒకసారి అలా నొక్కితే మూడు వీధుల అవతల ఆగిన హార్వెస్టర్ హారన్ కొట్టిందని ఊళ్ళో చెప్పుకున్నారు. చెప్పుకున్నది నేనే అనుకోండి.

అప్పుడు వచ్చాడు నర్సాగౌడ్. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళ నుంచి గల్ఫ్ పోయే ప్రతి మనిషినీ శంషాబాద్ విమానాశ్రయంలో దింపేది అతని కారే. హైదరాబాద్‌లో పాతది కొన్న విదేశీ కంపెనీ పెద్ద బండి. ఆర్మూర్ కార్ల అడ్డాలో అతని మాటే మాట. తను నమ్మితే అడ్డా అంతా నమ్ముతుంది.

"లింబన్నా, గీ బుగ్గ నన్ను సంపుతున్నది," అన్నాడు దిగుతూనే. "దాని మీద దేవుని బొమ్మ అతికిచ్చిన. అయినా సందులకెల్లి సూస్తనే ఉన్నది."

నిజమే. పసుపు బుగ్గ మీద నరసింహస్వామి స్టిక్కరు. లింబాద్రి దండం పెట్టి గోటితో దాన్ని పీకి, డాష్‌బోర్డు మీద పక్కకు అతికించాడు. నెల కింద టైర్లు ముందువి వెనక్కి వేయించానని గౌడ్ చెప్పాడు. లింబాద్రి నవ్వాడు. ఇదే కదా తను కోరుకున్న రోగం. నాలుగు టైర్లలో గాలి సమం చేశాడు, కిటికీలోంచి వంగి తాళం తిప్పాడు, రెండు మీటలు కలిపి నొక్కాడు. కారు హారన్ కొట్టింది. వాకిట్లో పది మంది పోగయ్యారు.

లింబాద్రి కాళ్ళు తిన్నగా డ్రైవర్ తలుపు ముందున్న చక్రం దగ్గరికి నడిచాయి.

నాకు గుండె ఉంటే అక్కడే ఆగిపోయేది. ఇక్కడ స్టీరింగు కుడివైపు. డ్రైవర్ చక్రం కుడి ముందు చక్రం. నా ఎర్ర దీపం ఎంత ఆడించినా అతనికి అర్థం కాదు, నా భాషంతా ఒకే మీట. అతను నొక్కాడు, కుడి సెన్సారు లేచి "ఇక్కడున్నా" అంది, కారు దాన్ని ఎడమ కింద రాసుకుని సంతోషంగా హారన్ కొట్టింది. అక్కడినుంచి ఎడమ ముందుకు, ఎడమ వెనక్కు, తిరిగి కుడి వెనక్కు. కారు బుర్రలో కుడి ఎడమయింది, ఎడమ కుడయింది.

అరుగు మీద బీడీలు చుడుతున్న గంగామణి తల ఎత్తి చూసింది.

"గదేంది, దేవునికి తిరిగినట్టు గాకుండ ఉల్ట తిరుగుతున్నవ్?"

"గిది మస్కట్ పని," అన్నాడు లింబాద్రి వెనక్కి చూడకుండా. "గుట్ట సుట్టు తిరుగుడు గాదు."

పది మందీ నవ్వారు. గంగామణి కూడా నవ్వి దారం కొరికింది. రెండు హారన్లు మోగాయి, పసుపు బుగ్గ ఆరిపోయింది. పోశవ్వ చప్పట్లు కొట్టింది. అంతమందిలో నిజం చెప్పిన మనిషి ఒక్కతే, నిజం తెలిసిన వస్తువును నేనొక్కదాన్నే. మేమిద్దరం మాట్లాడుకునే దారి లేదు.

పది రోజులు బుగ్గ రాకపోతే అడ్డాలో ఉన్న పెద్ద బళ్ళన్నీ నీ ఇంటికే తోలిస్తానని గౌడ్ మాట ఇచ్చాడు. లింబాద్రి ఆ పూట బ్యాగును మంచం కిందికి తోశాడు. గంగామణి చూసీ చూడనట్టు దాని జాగాలో చీపురు పెట్టింది.

నాలుగో రోజు బుగ్గ వెలిగింది. బొమ్మలో ఎడమ వెనక చక్రం. గౌడ్ పెట్రోలు బంకులో నాలుగింటికీ హవా కొట్టించాడు, ఆరిపోయింది. మూడు రోజులకు మళ్ళీ అదే చక్రం. మళ్ళీ నాలుగింటికీ హవా, మళ్ళీ మూడు రోజులు. ఈసారి పంచర్ దుకాణంలో ఎడమ వెనక టైరు విప్పించి నీళ్ళ తొట్టిలో ముంచారు. ఒక్క బుడగ రాలేదు. వాల్వు మార్చారు. అయినా వెలిగింది. వెలగదా మరి, గాలి పోతున్నది కుడి వెనక టైరులో. చిన్న మేకు దిగి, చాటుగా, చీమ పాకినంత నెమ్మదిగా పోతోంది. ఆ టైరు నిజమే చెబుతోంది, కారు దాని పేరు తప్పు పలుకుతోంది.

గౌడ్ ప్రతిసారీ హవా కొట్టించుకునే వచ్చేవాడు కాబట్టి లింబాద్రి కొలిచినప్పుడల్లా నాలుగూ సమంగా ఉండేవి. ఎడమ వెనక టైరుకు సబ్బు నీళ్ళు పూసి, ముక్కు ఆనించి, గంటలు గంటలు చూశాడు. బుగ్గ ఎడమ వెనక అంటే ఎడమ వెనకే. పదకొండేళ్ళలో ఆ బుగ్గ అతనితో అబద్ధం చెప్పలేదు. నన్ను ఊపాడు, అరచేతిలో కొట్టాడు, బ్యాటరీ తీసి నాలుకకు ఆనించి చూశాడు. పనిముట్టును కొట్టద్దన్న మనిషి. నేను ఏమీ అనుకోలేదు. మనుషులకు తమ కాళ్ళ మీద అనుమానం రావడం అన్నిటికంటే చివరన జరుగుతుంది.

గౌడ్ ఒకరోజు దిగకుండానే కిటికీలోంచి మాట్లాడాడు.

"తమ్మీ, ఏమనుకోకు. నీ బుగ్గ అబద్ధాలాడుతుంది. ముంగట నా దేవుడే మంచిగుండె."

డాష్‌బోర్డు మీది నరసింహస్వామిని పీకి మళ్ళీ పసుపు బుగ్గ మీద అతికించుకున్నాడు. అడ్డాలో ఏం చెప్పాడో చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా. ఒక్క బండీ రాలేదు. మంగలి దగ్గర ఎవరో నన్ను దుబాయ్ తాయెత్తు అన్నారట. లింబాద్రి ఇంటికొచ్చి మంచం కింది బ్యాగును బయటికి లాగాడు. గంగామణి చీపురు తీసేసింది.

ఎంగిలిపూల రోజు పొద్దున ఆమే బ్యాగుకు తాడు కట్టింది. ప్రతిసారీ ఆమే కడుతుందట. లింబాద్రి కడితే విమానంలో విడిపోతుందని. అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా, ఒక్కొక్క ముడి పంటితో లాగి బిగించింది. ఏడు ముళ్ళు. లింబాద్రి నన్ను కిటికీ గూట్లో పెట్టి, చూడకుండా బయటికి పోయాడు. అతను అటు పోగానే గంగామణి నన్ను తీసి, సద్ది కట్టిన చేతిసంచిలో, సర్వపిండి పక్కన పడేసింది. ఎందుకో నాతో చెప్పలేదు. ఎదురుగా గూట్లో కనబడుతూ ఉంటే ఓర్చుకోలేననుకుందో, వెళ్ళేటప్పుడు అతని చేతికే ఇద్దామనుకుందో. పోయినసారి అతను మరిచిపోయిన గడియారం ఆ గూట్లోనే ఆగిపోయి ఉంది.

దింపడానికి వచ్చింది గౌడే, అదే బండి. డిక్కీ నిండా పసుపు కొమ్ముల బస్తాలు. హైదరాబాద్‌కు ఖాళీ డిక్కీతో పోవడం గౌడ్ వంశంలో లేదు. అందుకని తాడు కట్టిన బ్యాగు వెనక సీట్లో గంగామణి పక్కన కూచుంది. లింబాద్రికి ముందు సీటు తప్ప జాగా లేదు. ఎప్పుడూ వెనకే కూచుని వచ్చిపోయిన మనిషి, ఆ పూట మొదటిసారి ముందు, ఎడమవైపు కూచున్నాడు.

కామారెడ్డి దాటాం. రోడ్డు పక్కన తంగేడు విరగబూసింది. గంగామణి కిటికీకి తల ఆనించి ఆ పూలే చూస్తోంది. సంచిలో నా కింద ఏదో వణుకుతోంది. బండి కొంచెం కుడికి లాగుతోంది. గౌడ్ రోడ్డును తిట్టాడు. నేను రోడ్డును తిట్టలేదు.

గొర్ల మంద ఒకటి ఉన్నట్టుండి రోడ్డెక్కింది. ఎన్ని గొర్లంటే, మొదటి గొర్రె అటు చేరేసరికి చివరి దానికి ఉన్ని పెరిగి ఉంటుంది. గౌడ్ బ్రేక్ తొక్కాడు. అదే క్షణంలో లింబాద్రి కుడికాలు కూడా దబ్బున నేల మీద పడింది. కాలికి ఏమీ తగల్లేదు. రబ్బరు చాప తప్ప.

"నాకు బ్రేక్ లేదే," అన్నాడు లింబాద్రి.

"నీకెందుకు బ్రేక్? నడిపేటోన్ని నేను గాదా," అన్నాడు గౌడ్.

లింబాద్రి నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. తన కాలు చూసుకున్నాడు. ఎడమవైపు తలుపు చూశాడు. కుడివైపు గౌడ్ చేతిలో ఉన్న స్టీరింగు చూశాడు. మస్కట్‌లో పదకొండేళ్ళు తను డ్రైవర్ మూల అనుకున్న చోటు ఇది, కానీ ఇక్కడ డ్రైవర్ లేడు. చెయ్యి చాపి, దండం పెట్టకుండానే నరసింహస్వామిని పీకేశాడు. స్టిక్కరు చాటున పసుపు బుగ్గ వెలుగుతోంది, బొమ్మలో అదే చక్రం. ఎడమ వెనక.

"నర్సన్నా, బండి పక్కకు ఆపు."

గొర్లు పోనీ అన్నాడు గౌడ్. లింబాద్రి అప్పటికే తలుపు తీశాడు. రోడ్డు పక్కనే ఒక ధాబా, దాని పక్కన టైరు వేలాడదీసిన పంచర్ దుకాణం. బండి అక్కడికి చేర్చగానే దిగి, ఎడమ వెనక చక్రాన్ని చూడనైనా చూడకుండా, బండి చుట్టూ తిరిగి కుడి వెనక చక్రం దగ్గర గొంతుకూచున్నాడు. అరచెయ్యి పెట్టి వెంటనే తీసేశాడు. కాలుతోంది. బొటనవేలితో నొక్కితే పండిన సీతాఫలంలా లోపలికి పోయింది. గాడిలో మేకు తల మెరుస్తోంది.

డిక్కీలో బస్తాలు, లోపల ముగ్గురు, తొంభై వేగం. ఇంకో పది కిలోమీటర్లు పోయి ఉంటే నేను ఈ కథ చెప్పేదాన్ని కాదు. గౌడ్ ఆ మేకునే చూస్తూ నిలబడ్డాడు, తర్వాత మెల్లగా తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. లింబాద్రి తప్పు ఎక్కడ జరిగిందో చెప్పాడు. తప్పు చక్రాలది కాదు, పెట్టెది కాదు, తన కాళ్ళనే ఇంకా మస్కట్ వదల్లేదని చెప్పాడు. అప్పుడు గంగామణి కారు దిగింది. ఆనాడే చెప్పాను కదా అనడానికి అంతకంటే మంచి సమయం ఏ భార్యకూ దొరకదు. ఆమె అనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగడం నేను కళ్ళారా చూశాను. నాకు కళ్ళు లేకపోయినా చూశాను.

పంచర్ వేశారు, హవా కొట్టారు. టైం మించిపోలేదు, పోదాం రమ్మన్నాడు గౌడ్. కుడి ఎడమగా చూపిస్తుందని తెలిసిపోయింది కాబట్టి ఇక ఫరవాలేదు, తను గుర్తుపెట్టుకుంటాను అన్నాడు.

"నువ్వు రోజూ మంది పానం మోస్తవ్ అన్నా," అన్నాడు లింబాద్రి. "తప్పు సక్రం జెప్పే బండి నీకిచ్చి నేనెట్ల వోత? గా పెట్టె ఇంట్ల ఇడిశిపెడ్తిని."

గంగామణి చేతిసంచిలో చెయ్యి పెట్టి నన్ను తీసింది. సర్వపిండి నూనె అంటుకున్న నన్ను కొంగుతో తుడిచి ఇచ్చింది. అతను నన్ను చూశాడు, ఆమెను చూశాడు.

ఈసారి ఎడమ ముందు చక్రం. హారన్. కుడి ముందు. హారన్. కుడి వెనక చక్రం దగ్గరికి వచ్చేసరికి నా గొంతు పోయింది. ఎర్ర దీపం ఒక్కసారి మిణికి ఆరిపోయింది. ఊరికే నొక్కి నొక్కి బ్యాటరీని నాకేశాడు కదా ఇన్నాళ్ళూ. లింబాద్రి మొహం వాడిపోయింది. కొత్త బ్యాటరీ ఉంది. ఎక్కడుంది? పెద్ద బ్యాగులో, అడుగున, మేజోడులో.

ముగ్గురూ వెనక సీట్లోని బ్యాగును చూశారు. ఏడు ముళ్ళు.

గంగామణి దాన్ని ధాబా మంచం మీదికి లాగించింది. గోళ్ళతో ఒకటి, పంటితో ఒకటి, జడపిన్నుతో ఒకటి. పొద్దున అంత బలంగా ఎందుకు బిగించానా అని ఒకసారి తిట్టుకుంది కూడా. తాడు ఊడింది. లుంగీలు, మామిడికాయ తొక్కు డబ్బా, దుప్పటి, మందు బిళ్ళలు, ఇస్త్రీ చేసిన రెండు వర్క్‌షాపు చొక్కాలు, అన్నీ జాతీయ రహదారి ముందర మంచం నిండా పరుచుకున్నాయి. అడుగున మేజోడు, అందులో బ్యాటరీ.

మళ్ళీ మొదటినుంచి. ఎడమ ముందు, కుడి ముందు, కుడి వెనక, ఎడమ వెనక. నాలుగు హారన్లు, చివర రెండు. ఓడ దిగినప్పటినుంచి నేనంత గట్టిగా పిలిచింది లేదు. అవతలి రోడ్డు మీద పోతున్న లారీలు కూడా జవాబిచ్చాయని నా గట్టి నమ్మకం.

"గిప్పుడు మంచిగ తిరిగినవ్," అంది గంగామణి.

ధాబాలో టీ తాగుతున్న ఒకాయన గ్లాసు పట్టుకునే వచ్చాడు. తన కారులోనూ నాలుగు నెలల నుంచి ఆ బుగ్గ వెలుగుతోందట, దాని మీద నల్ల టేపు వేశాడట. కొంచెం చూసి పెడతావా అని అడిగాడు. లింబాద్రి గౌడ్‌ను చూశాడు. గౌడ్ గడియారం చూశాడు.

"ఇప్పుడు ఎల్లినా అందుతం," అన్నాడు గౌడ్. "గని తమ్మీ, అడ్డాల నేనన్న మాట నేనే ఎనక్కి తీస్కుంట. బండ్లు అస్తయ్. ఇగ నీ ఇష్టం."

లింబాద్రి మంచం దగ్గరికి నడిచాడు. గంగామణి బట్టలు మడతపెడుతోంది. తాడు ఆమె ఒళ్ళో ఉంది. అతను ఏదో అనబోయాడు, ఆమే ముందు అంది.

"కట్టాలంటే సర్ది ఇస్త. గని ఈసారి ముడి నువ్వే ఎయ్యి."

తాడు చాపింది. అతను తీసుకున్నాడు. చాలాసేపు దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత పంచర్ దుకాణంలో కత్తి అడిగి, తాడు చివర మూరెడు కోశాడు. నా నడ్డిలో మెడతాడు కోసం ఒక కన్నం ఉంటుంది. షాజీ తాడు తెగాక అది ఖాళీగానే ఉంది. అందులోంచి దూర్చి, ముడి వేశాడు. ఊడుతుందేమోనని ఇంకొకటి వేశాడు. ఇంకొకటి.

"మూడు ముళ్ళేసినవ్," అంది గంగామణి. "ఇగ నాకు సవితి అచ్చినట్టేనా?"

ఆమె నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది, తొక్కు డబ్బా మూత బిగిస్తోంది, అన్నీ ఒకేసారి. లింబాద్రి నన్ను మెడలో వేసుకుని నల్ల టేపు కారు దగ్గరికి నడిచాడు. ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుకూచునే ముందు ఒకసారి ఆగి, స్టీరింగు ఎటుందో చూసుకున్నాడు.

పసుపు బస్తాలు హైదరాబాద్ చేరాయి, గౌడ్ మాట తప్పే మనిషి కాదు. మేము తిరుగు బస్సులో వచ్చాం. ధాబా వెనక గంగామణి కోసిన తంగేడు పూలు బ్యాగులో బట్టల మీద, నిండా. సాయంత్రం ఆమె ఆ పూలతో బతుకమ్మ పేర్చి, ఆడవాళ్ళతో కలిసి తిరుగుతుంటే, లింబాద్రి పోశవ్వ అరుగు మీద కూచుని చూశాడు. విమానం ఆ వేళకు ఎగిరిపోయే ఉంటుంది. అతను ఆకాశం వైపు చూశాడో లేదో నేను చెప్పలేను, నేను అతని ఛాతీ మీద బోర్లా ఉన్నాను.

దసరా నాడు స్పానర్ల మధ్య నాకూ బొట్టు పెట్టారు. కుంకుమ నా మీట సందులో పడి ఇప్పటికీ నొక్కితే కిర్రుమంటుంది. వాకిలి పక్క మేకుకు, మూడు ముళ్ళ తాడుతో వేలాడుతుంటాను. నాకు ఇప్పటికీ నిలకడ లేదు, రోడ్డు మీద పెద్ద బండి చప్పుడైతే నా ఎర్ర దీపం దానంతట అదే మిణుకుతుంది. లింబాద్రికీ అంతే, తిన్న కంచం ముందు ఐదు నిమిషాలు కూచోడు. ఖాళీ బ్యాగులో గంగామణి బీడీల తునికాకు దాచుకుంటోంది.

పోశవ్వకు మాత్రం అలవాటు పోలేదు. అతను నన్ను మెడలో వేసుకుని వాకిలి దిగితే చాలు, అరుగు మీంచి అడుగుతుంది.

"మల్ల ఎన్నడు వోతున్నవ్ కొడుకా?"

"ఇప్పుడే వోతున్ననవ్వా, ఆర్మూర్‌కు," అంటాడు లింబాద్రి. "బువ్వ యాల్లకు అస్త."